ముసలాయన వనైత్ ముక్కు దించిన సంగతి

రియాద్‌లో పికప్పు బండిని పికప్పు అనరు, వనైత్ అంటారు. సౌదీవాళ్ళు అంటారు కాబట్టి వాళ్ళ దగ్గర పనిచేసే మేమూ అంటాం. ఇక్కడి సనయలో, అంటే మెకానిక్ షెడ్లన్నీ ఒకచోట ఉండే పేటలో, చాలా ఏళ్ళుగా నా బతుకు బండ్ల కిందే వెల్లకిలా పడుకుని గడుస్తోంది. జగిత్యాల పక్క మా ఊళ్ళో ట్రాక్టర్లు బాగుచేసిన చేతులకు ఇక్కడ పాత అమెరికా బండ్లు అలవాటయ్యాయి.

ఈ ముసలాయన అంటే నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఆయన దగ్గర ఒక పాత వనైత్ ఉండేది. తెలుపూ నీలమూ రంగు, గుండ్రటి దీపాలు, కొడుకులు పుట్టకముందు కొన్న బండి. శుక్రవారం నమాజు కాగానే అందులో ఒక్కడే కూర్చుని ఊరి బయట తన ఒంటెల మంద దగ్గరికి వెళ్ళేవాడు. తారురోడ్డు అయిపోయాక కూడా ఇసుకలో చాలా దూరం పోవాలి. వెళ్ళే ముందు మా షెడ్డుకొచ్చి బండి చూపించుకునేవాడు. నా పేరు ఒక్కరోజు కూడా అడగలేదు. "యా హిందీ" అనే పిలుపు, అంటే ఓ ఇండియావాడా అని, ఆ వెనకే ఒక తిట్టు. ఒకసారి చాయ్‌లో చక్కెర తక్కువైందని గ్లాసు నా కాళ్ళ దగ్గర విసిరికొట్టాడు. అయినా బానెట్టు మాత్రం నన్ను తప్ప ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. నన్ను మెచ్చి కాదు, తిడితే కిక్కురుమనను కాబట్టి.

ఒకరోజు ఆయన పెద్దకొడుకు ఒక్కడే వచ్చాడు. ఆఫీసు మనిషి. మడత నలగని తెల్లటి తోబ్ అంగీ, ఆమడ దూరం నుంచే అత్తరు వాసన. నాన్న వనైత్‌ను పాతబండ్ల మేళాకు తయారు చెయ్యాలట. ఇప్పటి కుర్రాళ్ళు చేయించుకుంటున్నట్టు ముందు భాగం బాగా కిందికి దించాలట. ఎంత కిందికి అంటే, అరచెయ్యి నేలకేసి చూపించాడు. బంపరు కింద పిల్లి దూరడం కూడా కష్టం.

అతను వెళ్ళాక మా ఉస్తాద్‌తో అన్నాను. షెడ్డు నడిపేది ఆయనే. కడప మనిషి, నాకంటే చాలా ముందొచ్చి ఈ దేశాన్ని కాచి వడబోసినవాడు.

"ఉస్తాద్, ముక్కు గంత దించితె ఇసుకల వోదు బండి. ఆయనకేమో ఒంటెలే పానం."

"పోకూడదనే గదప్పా దించమండేది! ఇంతసేపూ నీకు అర్థం కాల్యా?"

అప్పుడు విప్పి చెప్పాడు. ముసలాయనకు చూపు మందగించింది. పోయిన చలికాలంలో ఇసుకలో దారి తప్పితే కొడుకులంతా వెతికి పట్టుకున్నారు. ఇక వెళ్ళొద్దని చెప్పాలి. చెప్పేవాడు ఎవడు? ఆ ఇళ్ళల్లో తండ్రి ముఖం మీద కాదనరు. ఆయన కూర్చుంటే కూర్చోవాలి, ఆయన చెయ్యి చాపితే ముద్దు పెట్టుకోవాలి. తాళంచెవి అడగడం మాట అలా ఉంచండి, గొంతు పెంచితేనే ఊరంతా ఉమ్మేస్తుంది. అందుకని తండ్రిని వదిలేసి బండి కాళ్ళు విరుస్తున్నారు. పైగా మేళా పేరుతో అది తండ్రికి కానుకట.

"గిది పాపం ఉస్తాద్."

"వాళ్ళ నాయిన, వాళ్ళ బండి. తండ్రీకొడుకుల మద్దెలో మనమెందుకు దూరేది? నోరు మూసుకోని పని సూడు."

ఆ మధ్యాహ్నం నాకు లోలోపల కాస్త సంతోషం కూడా కలిగింది. ఆ చాయ్ గ్లాసు నేనింకా మర్చిపోలేదు.

తర్వాత కొడుకులు తండ్రిని వెంటబెట్టుకుని వచ్చారు. ముసలాయన ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. కొడుకులు తన బండిని గుర్తుపెట్టుకున్నారు, నలుగురికీ చూపిస్తామంటున్నారు! కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఫ్లాస్కులోంచి గహ్వా, వాళ్ళ కాఫీ, వంచి పెద్దకొడుకే చేతికందించాడు. "ఎలా దించాలో నువ్వే చెప్పు నాన్నా, బండి నీది," అన్నాడు. మెడకు వేసే తాడును ముసలాయన చేతికే ఇచ్చి ఎంచుకోమన్నట్టుంది నాకు.

నా అరకొర అరబీలో చెప్పాను. ఒక దారి, స్ప్రింగు చుట్లు కోసెయ్యడం. రెండోది, గ్యాసు మంటతో కాల్చి కుంగదియ్యడం, అది నేను చెయ్యను. మూడోది స్పిండిల్ మార్చడం. చక్రం బిగించే ఆ ముక్కను తీసి వేరే రకం వేస్తే స్ప్రింగు జోలికి పోకుండానే ముందు భాగం దిగుతుంది. "వద్దనుకుంటే పాతవి మళ్ళీ బిగించుకోవచ్చు బాబా," అని ఆ మూడోదాన్నే రెండుసార్లు చెప్పాను. చాయ్ గ్లాసు గుర్తుంది, సరే. కానీ తిరిగి రాని పని చెయ్యడానికి నా చేతులు ఒప్పుకోలేదు. కొడుకు ఫోనులోంచి తలెత్తి నావైపు చూశాడు.

"స్పిండిల్ ఎక్కడిది?" అన్నాడు ముసలాయన.

"బయట నుంచి తెప్పించాలె బాబా."

"నా బండిలో పరాయి ముక్క వెయ్యను. దాని ఎముకలు దానికే ఉండాలి. కోసెయ్."

కొడుకు వంగి తండ్రి నెత్తి మీద ముద్దు పెట్టుకున్నాడు. దేశమంతా వెతికినా అంత మర్యాదస్తుడైన కొడుకు దొరకడు.

ముసలాయన నావైపు తిరిగాడు. "ఇసుకలో పోతుంది కదా?"

ఉస్తాద్ నా మడమ మీద తన బూటు ఆనించాడు. కొడుకు మళ్ళీ ఫోనులోకి దిగిపోయాడు. "ఇన్‌షాఅల్లా," అన్నాను. కాదని చెప్పలేని ప్రతివాడూ ఇక్కడ ఆ మాట వెనకే దాక్కుంటాడు. ముసలాయన తృప్తిగా తలాడించాడు.

గ్రైండరుతో కోశాను. నిప్పురవ్వలు లేస్తుంటే ముసలాయన చప్పట్లు కొట్టాడు. కోసిన చుట్టు గాజులా దొర్లుకుంటూ పోయి ఆయన చెప్పుల దగ్గర పడింది. బండిని జాకీ మీద నుంచి దించితే నీళ్ళు తాగడానికి వంగిన బర్రెలా ముక్కు నేలకు వాల్చింది. ఆయన చుట్టూ తిరిగి చూసి, ఆ వయసులో, ఈల వేశాడు. పోతూపోతూ ఖర్జూరాల డబ్బా ఇచ్చి "తిను హిందీ" అన్నాడు. ఆ రోజు తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

వచ్చిన శుక్రవారమే తారురోడ్డు చివర బంపరు ఇసుకలో దిగబడింది. మర్నాడు గుంజుకొచ్చే బండి వెనక వనైత్, దాని వెనక కొడుకు కారు, అందులో ముసలాయన. షెడ్డు ముందు నలుగురూ చూస్తుండగా కొడుకు నన్ను పట్టుకుని దులిపేశాడు. జంతువన్నాడు, దొంగపనివాడన్నాడు, మా నాన్న బండిని నాశనం చేశావన్నాడు. తండ్రికి వీపు తిప్పి ఉన్నాడు కాబట్టి అతని ముఖం నాకే కనిపిస్తోంది. ఆ ముఖంలో కోపం లేదు. అప్పగించిన పని అయిపోయినవాడి ముఖం అది. ఉస్తాద్ తలవంచుకుని సారీ చెబుతున్నాడు, నన్నూ చెప్పమని సైగ చేస్తున్నాడు.

"వాణ్ణొదిలెయ్," అన్నాడు ముసలాయన. "కోయమన్నది నేను."

ఎన్నో ఏళ్ళు తిట్టిన నోరు నా తరఫున మాట్లాడటం అదే మొదలు. ఆయన వెతికి ఆ కోసిన చుట్టు ముక్క తీశాడు, అది ఇంకా తుక్కులోనే పడి ఉంది. "దీన్ని అతికించు," అన్నాడు.

"అతికిస్తె విరుగుతది బాబా."

"కొత్త స్ప్రింగు?"

నేను నోరు తెరిచేలోపే కొడుకు అందుకున్నాడు. "ఈ మోడలుకు ఇప్పుడు రావడం లేదు నాన్నా." నాకేసి చూశాడు. ఉస్తాదూ చూశాడు. ఒంట్లో ఉన్న రోషమంతా ఒక్కసారి గొంతులోకొచ్చింది. నన్ను జంతువన్నవాడు నా చేతే అబద్ధం కూడా చెప్పిస్తాడా?

"వస్తయ్ బాబా," అన్నాను. "నేను తెప్పిస్త."

తండ్రి ముందు కొడుకు కాదనలేడు. "హాజిర్, నాన్నా," అన్నాడు, అంటే చిత్తం అని. ఆ మర్యాదే అతన్ని కట్టేసింది. ఆ రోజంతా నేను మీసం తిప్పుకుంటూ తిరిగాను. "కొరివితో తల గోక్కున్నావు గదరా," అని ఉస్తాద్ నాతో మాట్లాడటం మానేశాడు.

స్ప్రింగులు రావడానికి చాలా రోజులు పట్టింది. బిగించే రోజు కొడుకు వచ్చాడు. గొడవ పడతాడనుకుంటే చల్లగా నవ్వాడు. "బిగించు, బాగా బిగించు. నాన్న సంతోషమే మా సంతోషం." ఆ నవ్వు నాకు నచ్చలేదు, కానీ అర్థమూ కాలేదు. ముక్కు ఎప్పటిలా పైకి లేచింది. ముసలాయన తాళంచెవి తిప్పి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, మొదటిసారి నా పేరు అడిగాడు. చెప్పాను. నోరు తిరగక నవ్వి వెళ్ళిపోయాడు.

శనివారం తనే నడుపుకుంటూ వచ్చాడు. చక్రాల నిండా ఇసుక. బండి దిగి కుర్చీలో కూర్చున్నాడు. ఉస్తాద్ చాయ్ ఇస్తే పట్టుకున్నాడు కానీ తాగలేదు.

"కంచె ఉంది. నీళ్ళ తొట్టి ఉంది. తొట్టిలో ఇసుక ఉంది," అన్నాడు.

కొడుకులు మందను అమ్మేశారు. బండి మా షెడ్డులో జాకీ మీద ఉన్నప్పుడే, నేను కొత్త స్ప్రింగుల కోసం రోజూ ఫోన్లు చేస్తున్నప్పుడే, ఒంటెల్ని ఒక్కటి కూడా మిగల్చకుండా లారీలు ఎక్కించేశారు. ముక్కు అలా దించే ఉండి ఉంటే, మంద అక్కడే ఉందని ఆయన అనుకుంటూ బతికేవాడేమో. వెళ్ళి ఆ ఖాళీ కంచె చూసుకునేలా చేసింది నా రోషం, నా మీసం. ఇంట్లో అడగలేదా అని మాత్రం అడగగలిగాను.

"ఏమని అడగను? నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. చెయ్యి ముద్దు పెట్టుకున్నారు."

చాయ్ గ్లాసు నేలమీద పెట్టాడు, ఒక్క చుక్క ఒలకకుండా. లేచి బండి దగ్గరికెళ్ళి మడ్‌గార్డు మీద అరచేత్తో తట్టాడు.

"మళ్ళీ దించు."

"ఎట్ల దించమంటవ్ బాబా? స్పిండిల్ ఏస్తె మళ్ళ పైకి లేపొచ్చు."

"కోసెయ్," అన్నాడు.

నేను గ్రైండరు తెచ్చుకున్నాను. ఈసారి ఆయన నిప్పురవ్వల వైపు చూడలేదు.