సన్నజడకు కనకాంబరాలు

మొన్న ఉదయం ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి, కూర్చోవడానికి చోటు దొరక్క కడ్డీ పట్టుకుని నిలబడి ఉండగా, ముందు నిలబడిన ఒక అమ్మాయి తల మీద నా చూపు ఆగిపోయింది. పెద్దమనిషికి ఇదేం బుద్ధి అనుకోకండి. నేను చూస్తున్నది ఆ జుట్టులో కనబడీ కనబడని ఒక గీతను. నడుము దాకా స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా జారుతున్న వెంట్రుకలు మాడు దగ్గర మూడు వేళ్ల మేర మాత్రం ఉంగరాలు తిరిగి ఉన్నాయి. పార్లర్‌లో స్ట్రెయిటెనింగ్ చేయించుకుని, మొదళ్లకు మళ్లీ మందు పెట్టించుకోవడం ఆలస్యమైన జుట్టు అది. ఉంగరం అయిపోయి తిన్నదనం మొదలయ్యే ఆ గీత దగ్గరే వెంట్రుక పుటుక్కున తెగుతుందనీ, అక్కడ దువ్వెన పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టుకోవాలనీ ఆ పిల్లకు చెప్పాలని నోటి దాకా వచ్చింది. ఇంతలో దిల్‌సుఖ్‌నగర్ వచ్చింది, ఆమె దిగి జనంలో కలిసిపోయింది, నేనూ దిగి నా కోచింగ్ సెంటరు దారి పట్టాను.

ఇన్నేళ్లుగా పిల్లలకు లెక్కలు చెప్పుకుని బతికే నాకు ఈ విద్య ఎలా అబ్బిందో చెప్పాలంటే కొన్ని ఏళ్లు వెనక్కి వెళ్లాలి. మన తరం మగవాళ్లలో భార్యకు జడ వేసిన వాళ్లు ఎంతమంది ఉంటారో నాకు తెలియదు; ఉన్నా బయటికి చెప్పి ఉండరు. నేను రోజూ పడుకునే ముందు డైరీలో ఒక పేజీ రాసే అలవాటున్న వాణ్ణి, అయినా ఈ సంగతి అందులో ఎక్కడా సరిగా రాయలేదు. అప్పుడు తీరిక లేక కొంత, సిగ్గుపడి కొంత.

మాది గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. నా భార్యది నల్గొండ పక్క పల్లె. ఆమెకు పుట్టుకతోనే ఉంగరాల జుట్టు, ఎంత ఒత్తుగా అంటే మా పెళ్లినాడు పూలజడ కుట్టిన ఆవిడ మధ్యలో రెండుసార్లు లేచి మంచినీళ్లు తాగిందట. బడిలో తోటిపిల్లలు పిచ్చుకగూడు అనేవారని, ఆ మాట మనసులో ఉండిపోయి, నడివయసులోకి వచ్చాక ఒకరోజు కొత్తపేటలోని పార్లర్‌కు వెళ్లి పూట పూటంతా కూర్చుని జుట్టును తిన్నగా చేయించుకుని వచ్చింది. ఇంటికి రాగానే ఫ్యాను కింద నిలబడి, గాలికి లేచిన వెంట్రుకలు మళ్లీ వాటి చోటికి అవే వచ్చి పడుతుంటే చూసుకుని ఆమె నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. మా అత్తగారు మాత్రం "నేను కన్న జుట్టును ఇస్త్రీ చేయించినవా బిడ్డా" అని నెల రోజులు అలిగారు.

ఒక వేసవిలో ఆమె కుడి రొమ్ములో గడ్డ కనబడింది. పరీక్షలు, ఆపరేషన్, ఆ తరువాత కీమో అన్నారు. ఆ దిగులంతా ఇక్కడ తవ్వి పోయదలచుకోలేదు. చదివే మీలో చాలామందికి ఇంటికొకరి చొప్పున అది తెలిసినదే. ఆపరేషన్‌లో చంక లోపల కూడా కోశారు గనక ఆమె కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవలేదు. పెద్ద డాక్టరు గారు మందుల సంగతంతా వివరించి, ఈ మందుకు జుట్టు పూర్తిగా ఊడవచ్చు, పలచబడి ఆగవచ్చు, ముందుగా చెప్పలేమన్నారు. జుట్టుకు ఇక రసాయనాలు పెట్టించవద్దని, వేడిగాలి తగలనివ్వవద్దని, గోరువెచ్చని నీళ్లూ చంటిపిల్లల షాంపూ తప్ప మరేదీ వాడవద్దని చెప్పారు. అన్నీ విని మా ఆవిడ అడిగింది ఒక్కటే, సద్దుల బతుకమ్మ నాటికి జడ ఉంటుందా అని.

అది ఆయనకు అర్థం కాలేదు గాని నాకు అర్థమైంది. మేము ఆ అపార్ట్‌మెంట్‌కు వచ్చిన నాటి నుంచి గేటు ముందు బతుకమ్మల చుట్టూ ఆడవాళ్లు చేరాక పాట ఎత్తేది ఆమే. మిగతా వాళ్లు అందుకునేవాళ్లు. జుట్టు ఊడినా ఫరవాలేదు, సవరం కట్టుకోవచ్చు, స్కార్ఫు చుట్టుకోవచ్చు అని నేను ఏదో సర్దిచెప్పబోతే, "దొంగజడ పెట్టుకొని అమ్మ ముందల ఆడుతనా? నా జడ నాకుంటే దిగుత, లేకుంటే బాల్కనీల నిలబడి చూస్త" అని తేల్చేసింది. బాల్కనీలో నిలబడటమంటే తాను రోగిననీ, ఇక పక్కన ఉండి చూసేదాన్ననీ ఒప్పుకోవడమేనని ఆమె లెక్క. ఆ లెక్క తప్పని నిరూపించడానికి నా దగ్గర సూత్రమేదీ లేకపోయింది. కనుక జడను నిలబెట్టే పని నేను తలకెత్తుకున్నాను.

మా అబ్బాయి అప్పట్లో వరంగల్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. మా అమ్మకు కళ్లు మసక. అందుచేత దువ్వెన నా చేతికే వచ్చింది. మొదటి రోజు నేను నెత్తి మీద మొదలుపెట్టి ఒక్క ఊపున కిందికి లాగాను. "ఏందయ్యా, బోర్డు తుడుస్తున్నవా? తల అది" అని ఆమె అరిచింది. జుట్టును చివరల నుంచి కొంచెం కొంచెంగా పైకి విడదీసుకుంటూ రావాలని అప్పుడు తెలుసుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద పెద్ద పళ్ల దువ్వెన ఒకటి ఏరుకుని తెచ్చి, దాని పళ్ల చివరలు గరుకుగా ఉంటే సన్నటి ఉప్పుకాగితంతో రుద్ది నున్నగా చేశాను. వెంట్రుకలు రాసుకుని తెగకుండా దిండుకున్న నూలు గలేబు తీసేసి, నా పాత పట్టుకండువాను చుట్టాను. మూడు పాయల అల్లిక కుదిరేదాకా మా మంచం మీది షోలాపూర్ దుప్పటి అంచున ఉన్న కుచ్చుల మీద సాధన చేశాను, ఒక ఆదివారం మా అమ్మ ఆ దుప్పటిని తడిమి చూసి, "ఒరేయ్, దుప్పటికి జడలేంట్రా? పెళ్లిచూపులకు గానీ తీసుకెళ్తున్నావా?" అంది. పక్కగదిలో మా ఆవిడ ఆపరేషన్ కుట్లు నొప్పెడుతున్నా చెయ్యి అదిమిపట్టుకుని నవ్వింది.

ఇంత జాగ్రత్త పడే నేనే పెద్ద పొరపాటు చేశాను. స్ట్రెయిటెనింగ్ చేసిన జుట్టును ముడవకూడదు, పిన్ను పెట్టకూడదు, నొక్కు పడుతుంది అని పార్లర్ ఆవిడ ఎప్పుడో చెప్పిన మాట నాకు గుర్తుండిపోయింది. అది చేయించుకున్న తరువాతి మూడు నాలుగు రోజులకు చెప్పిన మాట అని నాకు తోచలేదు. నియమం అంటే నియమమే అనుకునే బుద్ధి నాది. మూడో విడత కీమోకు వెళ్లిన రోజున ఆమె జడ వేయమంటే వద్దని, జుట్టంతా విప్పి ఆస్పత్రి రెక్సిన్ దిండు మీద పరిచి, పూటంతా అలాగే పడుకోబెట్టాను. అప్పటికే ఊడుతున్న వెంట్రుకలు ఊడనివాటితో చుట్టుకుని, ఆ దిండుకు రాసుకుని, రెండు రోజులు గడిచేసరికి తల వెనుక అరచెయ్యంత మేర అట్టకట్టుకుపోయింది. దువ్వెన పెడితే దువ్వెన అక్కడే నిలిచిపోయింది.

పార్లర్ ఆవిడకు ఫోన్ చేస్తే భయపడిపోయి, కత్తిరించడం తప్ప దారి లేదంది. కత్తిరిస్తే మెడ దగ్గర జుట్టంతా పోతుంది, ఇక జడ మాట ఉండదు. సరిగ్గా ఆ సమయానికి మా అత్తగారు ఊరి నుంచి ఎల్‌బీ నగర్‌లో బస్సు దిగి, సంచీతో లోపలికి వస్తూనే కూతురి తల చూసి రెండు చేతులూ జోడించారు. "ఎల్లమ్మ తల్లి జడ కట్టింది, కత్తెర పెట్టొద్దు" అన్నారు; అలా అట్టకట్టిన జుట్టును అమ్మవారి గుర్తుగా కొలుస్తారు వాళ్ల వైపు. "ఎల్లమ్మ కాదు వదినగారూ, మీ అల్లుడి నిర్వాకం" అని మా అమ్మ లోపలి నుంచే అంది.

అంతవరకు ఆ వియ్యపురాళ్లిద్దరికీ పప్పులో ఇంగువ దగ్గర నుంచి దేవుడికి పెట్టే దీపం దాకా ఏ విషయంలోనూ పొసగేది కాదు. ఆ మధ్యాహ్నం మాత్రం మా ఆవిడను పీట మీద కూర్చోబెట్టి, ఒకరు కుడిపక్క, ఒకరు ఎడమపక్క కూర్చుని, కొబ్బరినూనె గిన్నె మధ్యలో పెట్టుకున్నారు. పార్లర్ వాళ్లు ఆ జుట్టుకు నూనె చూపించవద్దని చెప్పారని నేను అనబోతే ఇద్దరూ ఒకేసారి నా వైపు చూసిన చూపుకు నోరు మూసుకున్నాను. వేళ్లతో నూనె అద్దుతూ ఒక్కొక్క వెంట్రుకనే అట్టలోంచి బయటికి లాగుతూ సాయంత్రం దాకా కూర్చున్నారు. మసక కళ్లతో మా అమ్మ చూపుతో పనిలేకుండా వేళ్లతోనే ముడి వెతికేది.

"వదినె, జర మెల్లగ గుంజు. బిడ్డ తల అది, కందిచేను గాదు."

"మీరు ఆ నూనె అలా దిమ్మరించకండి, గారెలు వేయించడానికా?"

"ఇద్దరు కొట్లాడుకోండ్రి, మధ్యల నా తల తెగుతది" అని మా ఆవిడ.

ఆ పనిలో మా అత్తగారి వేళ్లకు మాడు దగ్గర కొత్తగా మొలిచిన ఉంగరాలు తగిలాయి. ఆవిడ ఆ చోటును మళ్లీ మళ్లీ తడిమి చూశారు. తరువాత, "వదినె, ఇగో చూడు, నా బిడ్డ చిన్నప్పటి జుట్టు" అని మా అమ్మ వేలు పట్టుకుని అక్కడ పెట్టారు. మా అమ్మ ఆ ఉంగరాన్ని వేలికి చుట్టుకుని, వదిలి, మళ్లీ చుట్టుకుంది. దీపం పెట్టే వేళకు అట్ట విడిపోయింది. సగానికి సగం వెంట్రుకలు ఒళ్లోకి వచ్చేశాయి గాని మిగిలిన సగం తలకే ఉంది.

సద్దుల బతుకమ్మ నాటికి ఆ సగంలోనూ సగమే మిగిలింది. అయినా మూడు పాయలకు సరిపోయింది. చిటికెన వేలంత సన్నటి జడ వచ్చింది. దానికి పూలెలా పెట్టాలన్నది పెద్ద సమస్య అయింది. బంతిపూల దండ పెడితే బరువుకు ఉంగరమూ తిన్నదనమూ కలిసే ఆ గీత దగ్గర తెగడం ఖాయం, మల్లెపూలంటే ఆ మందుల మూలాన వాసనకే ఆమెకు వాంతి వచ్చేది. మా అమ్మే దారి చెప్పింది. కనకాంబరాలకు బరువూ లేదు, వాసనా లేదు కదరా అంది. కొత్తపేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా పూలబండ్లన్నీ గాలించి, చివరకు ఒక గుడి ముందు రెండు మూరలు సంపాదించుకుని వచ్చాను. డాక్టరు గారు కాసేపు ఆడితే ఫరవాలేదన్నారు. మాస్కు పెట్టుకుని, ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, ఆమె మెట్లు దిగుతుంటే వెనకాల ఆ నారింజరంగు జడ చిన్న దీపపు వత్తిలా కదిలింది.

కింద ఆడవాళ్లు చుట్టుముట్టారు.

"వదినా, జడ ఎవరేసిండ్రు?"

"మా లెక్కల సారే."

"అన్నా, మా ఆయనకు గూడ ట్యూషన్ చెప్పరాదె, ఫీజు ముందుగాల్నే కడ్త!"

నేను పోయి మగవాళ్లతో పాటు స్కూటర్ల దగ్గర నిలబడ్డాను. ఆమె మాస్కు గడ్డం కిందికి దించి పాట ఎత్తింది. మొదటి చరణానికి గొంతు వణికింది, రెండోదానికి నిలబడింది, మూడోదానికి పై అంతస్తుల వాళ్లు కూడా బయటికి వచ్చారు. అందరూ బతుకమ్మను చూస్తుంటే నేను మాత్రం జడ చివర ఉన్న రబ్బరుబ్యాండునే చూస్తున్నాను. వంగి చప్పట్లు కొట్టిన ప్రతిసారీ అది కొంచెం జారుతోంది. జుట్టు మరీ సన్నం, అది పట్టుకోవడానికి ఏమీ లేదు. రెండు చుట్లు తిరిగేసరికి ఊడి కింద పడింది, జడ చివరి నుంచి విడిపోవడం మొదలుపెట్టింది, కనకాంబరాలు ఒకటొకటిగా రాలుతున్నాయి. తానే మళ్లీ అల్లుకుందామంటే ఒంటిచేత్తో అయ్యే పని కాదు, ఆమె కుడిచెయ్యి వెనక్కి వెళ్లదు. పాట ఆపితే వరస తెగుతుంది.

ఆడవాళ్ల వలయంలోకి మగవాడు వెళ్లకూడదని నాకు తెలియక కాదు. వెళ్లాను. కింద పడ్డ రబ్బరుబ్యాండు ఏరుకుని, ఆమె వెనక నడుస్తూ, విడిపోయిన పాయలు పట్టుకుని మళ్లీ అల్లడం మొదలుపెట్టాను. వలయం ఆగలేదు. వాళ్లు ఒక అడుగు వేస్తే నేనూ ఒక అడుగు; వాళ్లు వంగితే నేనూ వంగాలి, లేకపోతే జడ చేతిలోంచి జారిపోతుంది. ఆమె వెనక్కి తిరగలేదు, పాట ఆపలేదు. తల కొంచెం వెనక్కి వాల్చి, నడక కొంచెం తగ్గించింది. చప్పట్ల నడుమ నవ్వులు మొదలయ్యాయి.

"అగో, మగాయన బతుకమ్మ ఆడుతుండు!"

"ఆడనియ్యే, అడుగు తప్పుతలేడు గదా."

పూర్తి చుట్టు ఒకటి తిరిగాకగాని ముడి బిగియలేదు. బయటికి వచ్చి స్కూటర్ల దగ్గర నిలబడితే పక్కింటాయన నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఏమని అభినందించాడో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. ఆ రాత్రి డైరీలో ఆనాటి తేదీ వేసి "జడ నిలిచింది" అని మాత్రం రాసి పడుకున్నాను.

ఆ తరువాత కీమో అయిపోయింది. మిగిలిన తిన్నటి చివరలు కత్తిరించేశాక తల నిండా ఉంగరాలు వచ్చి మా అత్తగారు ఏడాదిపాటు సంబరపడ్డారు. డాక్టరు గారు ఇక ఫరవాలేదన్న నాడు మా ఆవిడ నేరుగా పార్లర్‌కు వెళ్లి మళ్లీ తిన్నగా చేయించుకుని వచ్చింది, మా అత్తగారు మళ్లీ అలిగారు. గోడ మీద వేళ్లను పైకి పాకించే వ్యాయామం మా ఆవిడ విడవకుండా చేసింది గనక కుడిచెయ్యి కూడా ఇప్పుడు నెత్తి దాటి వెళ్తోంది. మా అమ్మ లేదు. గేటు ముందు ఇప్పుడు పెద్ద పెద్ద స్పీకర్లు పెడుతున్నారు, పాట ఎవరూ ఎత్తనక్కరలేదు. అయినా మా ఆవిడ వాటిని ఆపించి తానే ఎత్తుతుంది.

ఆ రోజులు ఏ ఇంటికీ, నా ఇంటికి మరీ, మళ్లీ రాకూడదని కోరుకుంటాను. కాని ఆ ఉదయాల్లో ఆమె నా ముందు పీట మీద కూర్చుని, కళ్లు మూసుకుని, మొత్తం తలను నా చేతికి వదిలేసి, ఏవో చిన్నప్పటి ముచ్చట్లు చెబుతూ ఉండే ఆ అరగంట ఉందే, పెళ్లయిన ఇన్నేళ్లలో మేము అంతసేపు వరసగా మాట్లాడుకున్నది అప్పుడే. ఇప్పుడు ఆ జుట్టుకు చిక్కే పడదు. కాఫీ చల్లారేలోపు తానే దువ్వుకుని, తానే అల్లుకుని, లేచిపోతుంది. నేను అలవాటు కొద్దీ వెళ్లి వెనకాల నిలబడితే, వెలుతురుకు అడ్డం, జర పక్కకు జరుగు అంటుంది. జరుగుతాను.