గోడ కింది పేడకాలువ

భతేరీ అంటే ఆ పల్లె మాటలో ‘ఇక చాలు’ అని. వరసగా అయిదో ఆడపిల్ల పుట్టేసరికి విసుగెత్తి తండ్రి పెట్టిన పేరు. అలాంటి పేరు మోస్తూ అరవై ఏళ్లు బతికిన మనిషి నోట తీపి మాటలు రావాలనుకుంటే అది మన అత్యాశ. హర్యానాలో జీంద్ దగ్గర ఆ జాట్ల ఊళ్లో ఆమె నోటికి జడవనిది ఒక్క తోడికోడలు నిహాలీయే.

ఇద్దరికీ మాటల్లేక పదకొండేళ్లు. అన్నదమ్ములు వేరుపడ్డ రోజు చీట్లు వేస్తే మోర్నీ అనే గేదెపడ్డ నిహాలీ వాటాకు పడింది. తల్లి చచ్చిన ఆ పడ్డకు సీసాతో పాలుపట్టి పెంచింది భతేరీ. ఎంత బతిమాలినా వినకుండా నిహాలీ పలుపు పట్టుకుని లాక్కుపోయింది. వారం తిరక్కుండా వాకిలి మధ్య గోడ లేచింది.

గోడ కింద కాలువ మాత్రం మిగిలింది. నిహాలీ కొట్టం కడిగిన నీళ్లన్నీ పల్లంలో ఉన్న భతేరీ వాకిట్లోంచే పోవాలి. పెద్దలు కాలువ మళ్లిస్తామంటే భతేరీయే ఒప్పుకోలేదు. ముసలిదానికి పోట్లాటకు సాకు కావాలి అని ఊరు నవ్వుకుంది. ఊరికేం తెలుసు? నిహాలీ గేదెల్ని కొట్టం దాటనివ్వదు. రోజూ పొద్దున్నే ఆ పేడ చూసుకునే, మోర్నీ బాగుందో లేదో భతేరీ తెలుసుకునేది.

ఆ చలికాలం మోర్నీ ఆరోసారి ఈనింది. నిహాలీ వీధంతా జున్నుపాలు పంచింది, ఈ గడప ఒక్కటీ వదిలేసి. భతేరీ గేదె పూటకు ఎనిమిది లీటర్లిస్తోందన్న మంట ఆమెకు. నాలుగో రోజు కాలువలో పేడ పల్చగా, బూడిదరంగులో, పుల్లటి కంపు కొడుతూ వచ్చింది. మధ్యమధ్య అరగని గోధుమలు. 

గోడ అవతల నిహాలీ శాపనార్థాలు మొదలుపెట్టింది. “ఎవరి కళ్లు పడ్డాయే తల్లీ నీ మీద! ఆ కళ్లల్లో కారం కొట్ట!”

మధ్యాహ్నం పశువుల డాక్టరు వచ్చాడు. భతేరీ గోడకు చెవి ఆనించింది.

“ఏం పెట్టావమ్మా?”

“ఎండుగడ్డే బాబూ. దాని దూడ మీద ఒట్టు. ఇదంతా పక్కింటి దిష్టి.”

కొట్టం శుభ్రంగా కడిగేసి ఉంది, చూద్దామన్నా పేడ లేదు. కొత్తగా ఈనిన గేదె, లేవలేకుండా ఉంది. కాల్షియం తగ్గిందనుకుని డాక్టరు నరానికి మందెక్కించి బయల్దేరాడు. భతేరీ కాలువలో చెయ్యిపెట్టి గుప్పెడు గింజలు తీసి, వీధిలోకి పరిగెత్తి బండికి అడ్డం నిలబడింది.

“ఆగవయ్యా డాక్టరూ! ఆ ఎండుగడ్డికి గోధుమలు కాశాయి, చూసిపో.”

“చూశావా బాబూ, మా పేడ కూడా ఏరుకుంటోంది!” అని నిహాలీ గుమ్మంలోంచి అరిచింది.

“ఆవిడతో నాకు మాటల్లేవు. ఎన్ని బకెట్లు కుక్కిందో నువ్వే అడుగు,” అంది భతేరీ డాక్టరుతో.

డాక్టరు గింజలు చూసి, నిహాలీ వంక చూశాడు.

“రెండు... ఉడకేసి, బెల్లం కలిపి. బలానికని.”

“బలానికా! నా గేదెను ఓడించడానికి!”

“చాల్లే ఆపండి! పొట్టంతా పులిసిపోయింది. ఇంకాస్త ఉంటే చచ్చేది,” అని డాక్టరు లోపలికి పరిగెత్తి సోడా నీళ్లు పట్టించాడు. భతేరీ వెనకే వెళ్లబోయింది.

“గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతానని చెప్పు దానికి!”

భతేరీ పొద్దుగూకేదాకా వీధిలోనే నిలబడింది.

మూడో రోజుకు కాలువలో పేడ ముద్దగా వచ్చింది. భతేరీ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నాలుగో రోజు కాలువలో నీళ్లే రాలేదు. వంగి చూస్తే అవతలి నుంచి ఇటుకలు పెట్టి సిమెంటు పూసి ఉంది.

“భతేరీ!” అని గోడ మీంచి పిలుపొచ్చింది. పదకొండేళ్లలో నిహాలీ ఆమెను పేరుపెట్టి పిలవడం అదే మొదలు. “అది బతికినా చచ్చినా ఇక నీకు తెలియనివ్వను.”

భతేరీ వంగి, ఆ సిమెంటుకు చెవి ఆనించింది.