భర్తను బయటికి పంపి అడిగేవారు

నాన్న చనిపోయిన ఏడాది చలికాలమంతా అన్నయ్య పంపిన కాగితాలు అమెరికాలో, అరోరాలోని మా అపార్ట్‌మెంట్‌లో ఫ్రిజ్ మీద పడి ఉన్నాయి. నాన్న వీలునామా రాయలేదు. ఆయన సొంతంగా సంపాదించిన పొలంలో అన్నలతో పాటు నాకూ వాటా ఉంది. దాన్ని వదులుకుంటున్నానని నేను సంతకం చేయాలి. "అమ్మ మాట కూడా ఇదే" అని ఉత్తరం చివర రాశాడు.

"సైన్ చేసి పంపెయ్. ఆ పొలం చెక్క పెట్టుకుని ఇక్కడేం చేస్తావ్, స్నోలో నాట్లేస్తావా?" అన్నారు మావారు.

నాకు నాట్లు వేయాలని లేదు. నాన్న భూమి కాగితాల్లో ఒక్కచోటైనా నా పేరు ఉండాలని ఉంది. కాదంటే పుట్టింటి గడప తొక్కనివ్వరని కూడా తెలుసు.

ఆ రోజుల్లోనే పక్కింటి అమెరికన్ ముసలావిడ తన వంశచరిత్ర రాయడం మొదలుపెట్టింది. ఆవిడ ముత్తాతకు ప్రభుత్వం పట్టా ఇచ్చిన భూమి చివరికి ఎవరి చేతికి పోయిందో తెలుసుకోవాలి. పాత చేతిరాత చదివే ఓపిక ఆవిడకు లేదు. నేను ఇంటర్ తప్పినదాన్నే, కానీ ఇంగ్లీషైనా ఈ దేశపు చరిత్రైనా పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని నాకు నేనే నేర్చుకున్నాను. ఆ గొలుసుకట్టు రాత కూడా పట్టుబడింది. కారు ఆవిడది, కళ్లు నావి. ఇద్దరం పాత భూమి దస్తావేజులు ఉండే కౌంటీ కోర్ట్‌హౌస్‌కి వెళ్లేవాళ్లం.

పట్టా తొందరగానే దొరికింది. పట్టా వచ్చిన కొన్నేళ్లకు ఆ భూమిలో సగం రైల్వేకి అమ్మిన దస్తావేజు కూడా దొరికింది. దాని కింద ముత్తాత సంతకం, పక్కన ఆయన భార్య పెట్టిన ఇంటూ గుర్తు ఉన్నాయి. మా వైపు అమ్మకం కాగితం మీద ఆడదాని వేలిముద్ర పడిందంటే ఆ పొలం ఆవిడ పేర ఉన్నట్టే. "ఈ భూమి మీ ముత్తవ్వది" అని గట్టిగా చెప్పేశాను. ముసలావిడ మురిసిపోయింది.

తర్వాత లైబ్రరీలో న్యాయశాస్త్ర పుస్తకం తిరగేస్తే నా పొరపాటు తెలిసింది. భూమి మొగుడిదే. ఆనాటి చట్టం ప్రకారం అతను పోతే అందులో మూడో వంతు మీద బతికినన్నాళ్లు అనుభవించే హక్కు విధవకు ఉంటుంది. రేపు ఆమె అడ్డం రాకుండా కొనేవాడు ముందే ఆమె చేత ఆ హక్కు వదిలించేవాడు. అందుకే ఆ గుర్తు. అయితే అధికారి మొగుణ్ణి బయటికి పంపి, ఇష్టంతో ఒప్పుకున్నావా, అతనికి భయపడా అని ఆమెను ఒంటరిగా అడగాలి. దస్తావేజు అడుగున ఆ మాట ఉండనే ఉంది. భర్త లేనిచోట విచారించగా, భయం గానీ బలవంతం గానీ లేకుండా ఒప్పుకున్నదని.

మా ఫ్రిజ్ మీది కాగితంలోనూ అలాంటి మాటే ఉంది. ఎవరి ఒత్తిడీ లేకుండా, మనస్ఫూర్తిగా అని. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

మళ్లీ కోర్ట్‌హౌస్‌కి వెళ్లినప్పుడు దస్తావేజులోని ఆ వాక్యం ముసలావిడకు చదివి వినిపించాను.

"చూశావా, సంతోషంగా ఇచ్చింది. అలాగే రాసుకో" అంది ముసలావిడ.

నేను పేజీ తిప్పాను. తర్వాతి దస్తావేజులోనూ అదే వాక్యం. ఆ తర్వాతిదానిలోనూ అదే, పేర్లే వేరు. చూపించాను.

"అయితే అందరూ సంతోషంగానే ఇచ్చారన్నమాట, హనీ" అంది.

ఇక లీవ్ దొరకదని మావారు ఒకరోజు నన్ను నోటరీ దగ్గరికి తీసుకెళ్లారు. ఇన్సూరెన్స్ ఆఫీసులో ఒక మూల నోటరీ బల్ల. పాస్‌పోర్ట్ చూసి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు.

"మీరు మావారిని కాసేపు బయట ఉండమని చెప్పరా?" అన్నాను.

ఆయన అర్థంకాక మావారి వైపు చూశాడు.

"లైబ్రరీ పుస్తకాలు ఎక్కువయ్యాయి లెండి" అని మావారు ఇంగ్లీషులో చెప్పి నవ్వారు. ఆయనా నవ్వాడు. నేను సంతకం పెట్టాను.

"హమ్మయ్య, ఒక పనైపోయింది. కాఫీ తాగుదామా?" అన్నారు మావారు, కార్‌లో కూర్చుంటూ.

ముసలావిడ పుస్తకం పూర్తయ్యాక కూడా నేను బస్సెక్కి కోర్ట్‌హౌస్‌కి వెళ్తూనే ఉన్నాను. ఒంటరిగా అడిగినప్పుడు ఇష్టం లేదని చెప్పిన భార్య ఒక్కతైనా కనిపిస్తుందేమోనని సంపుటం తర్వాత సంపుటం తిరగేశాను. ఎంత చదివినా ఇంత చిన్న సంగతి తట్టడానికి నాకు చాలాకాలం పట్టింది. ఒప్పుకోకపోతే అమ్మకం జరగదు. జరగని అమ్మకాన్ని ఎవరూ రిజిస్టర్ చేయరు.