మబ్బుల్ని కోసే ఫ్యాన్లు

1999 మే నెలలో నన్ను అనంతపురం జిల్లాలోని ఒక పవన విద్యుత్ క్షేత్రానికి టెక్నికల్ అసిస్టెంటుగా వేశారు. రాప్తాడు దాటాక రహదారి వదిలి లోపలికి పోతే నల్లగుండ్ల కొట్టాల అనే ఊరు. ఊరికి పడమట ఒక బోడి కొండ, దాని వీపు మీద వరసగా ఎనిమిది గాలిమరలు. మరో మూడు రావలసి ఉంది. నా పై అధికారి అనంతపురం ఆఫీసులో ఉండే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. మేం ఈఈ గారు అనేవాళ్ళం. మరల దగ్గర పనిచేసే ఆపరేటర్లు డ్యూటీ దిగగానే బస్సెక్కి వెళ్ళిపోయేవారు. ఊళ్ళో కాపురమున్న ఉద్యోగిని నేనొక్కదాన్నే.

ఇరవయ్యేళ్ళ పైచిలుకు సర్వీసు చేసి స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. నన్ను కలిసినవాళ్ళు ఎక్కువగా యంత్రాల గురించి అడుగుతారు. నేను చెప్పదలచుకున్నది ఒక గుడ్డ గురించి.

ముందుగా పని సంగతి. కొండ మీద పొడవాటి ఇనుప స్తంభం, దాని కొసన గాలికి తిరిగే మూడు గిన్నెలు ఉండేవి. అవి తిరిగే తీరును బట్టి గాలి వేగం కింది పెట్టెలో నమోదయ్యేది. దాన్ని చూసుకోవడం నా బాధ్యత. గాలిమరకు రెండు నియమాలున్నాయి. గాలి ఒక మోస్తరు వేగం అందుకుంటేనే రెక్కలు తిరుగుతాయి. రెండోది వినేవాళ్ళకు వింతగా ఉంటుంది: కరెంటు పుట్టించే ఆ యంత్రం నడవడానికి ముందు కరెంటు కావాలి. సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను పోతే, ఎంత గాలి వీస్తున్నా బ్రేకులు పడి మర ఆగిపోతుంది.

నేను లక్ష్మక్క ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆమెది మెట్ట సేద్యం, ఒంటి చేతి సంసారం. ఆ ఏడు మృగశిర వట్టిపోయింది, ఆరుద్రలో రెండు జల్లులు రాలి ఆగిపోయాయి. విత్తడానికి చాలినంత తడిని అక్కడ పదును అంటారు. పదును పడుతుందని నమ్మి లక్ష్మక్క శెనక్కాయలు ఒలిపించి, విత్తనం మూటలు నా గది గోడవారగా పేర్పించింది. ఒలిచిన గింజ ఎక్కువ కాలం ఆగదు. మొలకెత్తే సత్తువ పోతుంది. ఆ మూటల పక్కన లాంతరు పెట్టుకుని చదువుకునేదాన్ని. నలుగురిలో నోరు తెరవడానికి జంకే మనిషిని. ఆ రోజు చెప్పలేకపోయినవన్నీ డైరీలో రాసుకుని పడుకునేదాన్ని.

జూలై మూడోవారంలో కొత్త మరల రెక్కలు మోసుకుని పెద్ద ట్రైలర్ వచ్చింది. ఊరి మలుపులో అడ్డంగా బండరాళ్ళు, రెండు ఎద్దుల బండ్లు. ముందు సర్పంచు ఓబుళరెడ్డి, వెనక ఊరంతా.

"ఈ ఫ్యాన్లు మబ్బుల్ని కోస్తాండాయి సార్" అన్నాడు ఆయన, కబురందుకుని వచ్చిన ఈఈ గారితో. "మోడం పడమటి నుంచి వస్తాది. ఫ్యాన్లకాడికి రాగానే చీలి తూర్పుకి పోతాది. ఉన్న ఎనిమిదితోనే మా నోట్లో మన్ను పడె. ఇంకా మూడా?"

"అది మూఢనమ్మకమండీ" అన్నారు ఈఈ గారు.

"మూఢమో మోడమో, కండ్లతో చూసినాం. మీరు అనంతపురంలో ఫ్యాను కింద కూచోని చెప్తే ఎట్ల?"

జనం నవ్వారు. ఈఈ గారు నవ్వలేదు. రెండు వారాల్లో దారి ఇవ్వకపోతే పోలీసు బందోబస్తుతో ఎక్కిస్తామని చెప్పి జీపెక్కారు. ట్రైలర్ మలుపులోనే నిలిచిపోయింది.

పోలీసుల సాయంతో మరలు ఎక్కిస్తే నేను ఆ ఊళ్ళో మళ్ళీ మంచినీళ్ళు అడగగలనా అన్నది ఒక ప్రశ్న. అంతకన్నా పెద్దది ఇంకోటి: ఊరు శత్రువైతే ఆ కొండ మీద ఏ తీగా, ఏ బోల్టూ భద్రంగా ఉండదు.

ఆ సాయంత్రం లక్ష్మక్కను అడిగాను. "అక్కా, వాన పడేటప్పుడు ఫ్యాన్లు ఎట్లుంటాయి?"

"నిలబడుకోని ఉంటాయి. పోయినేడు ఉత్తర కార్తెలో పడిందే, అప్పుడు ఒగటన్నా తిరిగిందా? తిరిగితే వాన లేదు, నిలిస్తే వాన. దీనికి సదువుకోవాల్నా పాపా?"

నా దగ్గరున్న గాలి లెక్కలు తిరగేసి చూస్తే ఆమె మాట అక్షరాలా నిజం. మా ప్రాంతం పడమటి కనుమలకు ఈవలి పక్క ఉంది. జూన్ నుంచి ఆగస్టు దాకా కనుమలు దాటి వచ్చే గాలి బలమైనది, మబ్బు పలచనిది. ఆ గాలే మబ్బును నిలవనీయకుండా తరిమేస్తుంది, ఆ గాలే మరల్ని తిప్పుతుంది. సెప్టెంబరుకు గాలి సన్నగిల్లుతుంది. మరలు నిలుస్తాయి, వానలు మొదలవుతాయి. ఊరివాళ్ళు చూసిన రెండూ నిజమే. రెంటికీ ముడి వేసిన చోటే పొరపాటు. ఏటా వచ్చే రుతువు ఆ పొరపాటుకు సాక్ష్యం చెప్పి పోతోంది.

మర్నాడు ఓబుళరెడ్డి ఈఈ గారికి కొత్త బేరం పంపాడు: వానలు పడేదాకా మరలు ఆపండి, తర్వాత మాట్లాడదాం. ఈఈ గారికి ఇది పోలీసుల కన్నా మేలనిపించింది. నేను అనంతపురం వెళ్ళి, ఆయన టేబుల్ ముందు నిలబడి వద్దని చెప్పాను. సెప్టెంబరు దాకా ఆపితే గాలి తగ్గి వాన ఎలాగూ పడుతుంది. ఆపినందుకే పడిందని జిల్లా అంతా నమ్ముతుంది. ఆ తర్వాత ఏ కొండ మీదా మర నిలపలేం. ఆపేదేదో ఇప్పుడే, గాలి బలంగా ఉన్నప్పుడే ఆపాలి. గాలి ఉందో లేదో మరను బట్టి కాక వేరేగా ఊరికి కనబడాలి.

"ఎట్లా కనబడుతుందమ్మా గాలి?" అన్నారాయన.

దానికి జవాబు మా ఇంట్లోనే ఉంది. హిందూపురంలో మా నాయనది బట్టల కొట్టు. ఆ ఆదివారం పోయి రకానికి ఒక ముక్క చొప్పున గుడ్డ చింపించాను. నాయన కత్తెర ఆపి నావంక చూశాడు. "రంగు పోతాదా అని అడుగుతారు, మన్నుతాదా అని అడుగుతారు. ఎగురుతాదా అని అడిగినదానివి నువ్వొక్కదానివే" అన్నాడు.

పలచటి మల్లు గుడ్డ పనికిరాలేదు, పిల్లగాలికే లేచింది. దుప్పటి గుడ్డ పెనుగాలికి కూడా వేలాడింది. గాలి స్తంభం పక్కన ఒక్కొక్కటీ కట్టి చూస్తే, ముతకగా ఉండే ఎర్ర గాడా గుడ్డ సరిపోయింది: మరలు తిరిగే గాలికి బారుగా నిలుస్తుంది, అంతకు తగ్గితే వాలుతుంది. దాన్ని బస్ షెల్టర్ పక్కన వెదురు గడకు కట్టించాను. అక్కడ నిలబడితే గుడ్డ, దాని వెనక కొండ మీది మరలు ఒకే చూపులో కనబడతాయి.

మొదటి రెండు రోజులు అందరూ నవ్వారు. "ఏమప్పా, యా పార్టీ జెండా ఇది?" అని బస్సులో వాళ్ళు అడిగేవారు. "గాలి పార్టీది, మా పాప నిలబడుతాంది" అని షెల్టర్‌లో కూర్చున్న ముసలాయన చెప్పేవాడు. నవ్వుతూనే చూడటం అలవాటైంది. గుడ్డ లేస్తే మరలు తిరగడం, గుడ్డ వాలితే ఆగడం పిల్లలు కూడా గమనించారు.

అప్పుడు ఓబుళరెడ్డి ఇంటికి పోయాను. ఎదురుగా ఈఈ గారు లేరు కాబట్టి కొంత తేలికగానే మాట్లాడగలిగాను. మూడు రోజులు మరలు ఆపుతాం, ఏ మూడు రోజులో మీరే చెప్పండి, ఒక్కటే షరతు: గుడ్డ బారుగా ఉన్న రోజు మొదలుపెట్టాలి అన్నాను.

"ఆపినాక వాన పడితే?"

"పడితే ట్రైలర్ తిరిగి పోతుంది. ఈఈ గారు ఒప్పుకున్నారు."

"నీకు ధైర్యం ఉండాది పాపా, నోరే లేదు" అన్నాడు.

పుష్యమి కార్తెలో, వచ్చే సోమవారం నుంచి ఆపమని ఆయన కబురు చేశాడు. ఈఈ గారు ఆ మూడు రోజులకు సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకున్నారు. లైనులో కరెంటు లేదని రాసిచ్చే అనుమతిని అలా అంటారు. అది చేతిలో ఉంటేనే మనిషి లైను ముట్టాలి. ఆగిన సమయంలో మరమ్మతులు కూడా ముగించాలని ఆయన ఆలోచన. సోమవారం పొద్దున్నే మరలకు బ్రేకులు పడ్డాయి.

ఆ రోజంతా గుడ్డ బారుగా ఉంది, మరలు కదలలేదు, మబ్బులు గొర్రెల మందలాగా ఊరి మీదుగా తూర్పుకు పోయాయి. మంగళవారం మధ్యాహ్నం పడమట నల్లగా మోడం పట్టింది. షెల్టర్ దగ్గర జనం లేచి నిలబడ్డారు. గుడ్డ ఒక్కసారి వాలింది. నాలుగు చినుకులు దుమ్ములో పడ్డాయి.

లక్ష్మక్క నా భుజం పట్టుకుంది. "నిజం చెప్పు. నీకు వాన పడాల్నా, వద్దా?"

"పడాలక్కా" అన్నాను. పడితే నా మాట పోతుంది, కొత్త మరలు పోతాయి. అయినా ఆ విత్తనం మూటల పక్కన నిద్రపోయే మనిషి వేరే జవాబు చెప్పలేదు.

గుడ్డ మళ్ళీ లేచింది. మోడం చెదిరి తూర్పుకు జరిగిపోయింది. కొండ మీద మరలన్నీ చేతులు కట్టుకున్నట్టు నిలబడి ఉన్నాయి. "ఫ్యాన్లు నిల్చుకోనే ఉండాయి కదప్పా, మరి యాడికి పాయ మోడం?" అన్నాడు ముసలాయన. బుధవారమూ అంతే.

బుధవారం సాయంత్రం ఓబుళరెడ్డి షెల్టర్ దగ్గరికి నడిచి వచ్చాడు. గుడ్డను కాసేపు చూశాడు.

"సరే పాపా. మోడాన్ని తరిమేది గాలి, ఫ్యాన్లు కాదు. ఒప్పుకుంటి" అన్నాడు. తర్వాత వేలు పైకెత్తి మా లైనును చూపించాడు. "ఇంకోటి చెప్పు. ఆ ఫ్యాన్ల కరెంటు మా చేన్ల మీద, మా నెత్తిన పోతాంది. మా ఊరి ట్రాన్స్‌ఫార్మర్ ఉగాదికి కాలిపోతే ఈ దినానికీ దిక్కు లేదు. నువ్వు లాంతరు కాడ సదువుకుంటాండావు. దీనికి యా గుడ్డ కడతావు?"

ఆ మాటల్ని ఆయన అన్నట్టే రాసి ఈఈ గారికి పంపాను. ఊళ్ళ ట్రాన్స్‌ఫార్మర్లు విద్యుత్ శాఖవి, గాలిమరలు చూసే మన పరిధి కాదని మొదట అన్నారు. అది నిజమే. కానీ ట్రైలర్ మలుపులో ఉంది, రాళ్ళు రోడ్డు మీద ఉన్నాయి. ఆయన స్వయంగా విద్యుత్ శాఖ ఆఫీసుకు వెళ్ళి కూర్చున్నారు. ఆ శాఖ లారీ మీద ట్రాన్స్‌ఫార్మర్ వచ్చి, ఊళ్ళో దీపాలు వెలిగిన మర్నాడు ఓబుళరెడ్డి మనుషులే రాళ్ళు పక్కకు దొర్లించారు. పోలీసులు రాలేదు.

శెనక్కాయకు అదను దాటిపోయింది. లక్ష్మక్క విత్తనం మూటలు గానుగకు పోయాయి. ఉత్తర కార్తెలో పదునైతే ఆమె ఉలవలు చల్లింది. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఉరుములతో పెద్ద గాలివాన వచ్చింది. గుడ్డ గడను వంచేస్తూ ఎగిరింది, కొండ మీద మరలన్నీ తిరిగాయి, వాన దంచి కొట్టింది. లక్ష్మక్క నడవలో నిలబడి చూసి, "ఫ్యాన్లు తిరుగుతాండగానే పడతాండాది. ఇంక ఎవురిని తిట్టుకోవల్ల పాపా?" అంది.

ఈ సంగతి నాకు నేర్పినవి రెండు. ఒక ఊరు చెప్పే కారణం తప్పు కావచ్చు. తరతరాలుగా ఆకాశం చూసి బతికినవాళ్ళు కళ్ళారా చూసింది తప్పు కావడం అరుదు. కాబట్టి ఖండించే ముందు ఏం చూశారో అడిగి తెలుసుకోవాలి. రెండోది, మబ్బుల గురించిన ఫిర్యాదు తేలేదాకా దాని కింద ఉన్న కరెంటు ఫిర్యాదు బయటికి రాలేదు. ఆ తర్వాత నేను ఏ కొత్త స్థలానికి పోయినా, గాలి స్తంభం పాతించడానికి ముందు ఊళ్ళోకి వెళ్ళి, మీకు కరెంటు ఏ వేళల్లో ఉంటుందని అడిగేదాన్ని.