సాయి కారు కుదుపు మానింది

ఈ రోజు మా బిడ్డ కవిత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, జబ్బు చేసి పోయిన మా కొడుకు సాయి టర్బో కారు నడిపింది. నడిపేవాళ్లు లేకపోతే అమ్మేద్దామని మా ఆయన అంటున్నాడు. అశ్వారావుపేట రోడ్డు ఎక్కగానే కారు ఒకటే దూకుడు.

"మేకపిల్ల లెక్క దుంకిస్తున్నవేందే?" అన్నాను.

"నేనేం జెయ్యనమ్మా? జర తొక్కంగనే టర్బో గుంజుతాంది. అన్న ఎట్ల తొక్కేటోడు?"

"టర్బో ఊపందుకునేదాకా కాలు మెల్లగ ఒత్తేటోడు. నువ్వు బోరింగు కొట్టినట్టు కొడుతున్నవ్."

పామాయిల్ తోటలు దాటేసరికి కుదుపులు ఆగాయి. నాకు తెలియకుండానే కన్ను అంటుకుంది. మెలకువ రాగానే, "సాయీ, ఇల్లొచ్చిందారా?" అన్నాను.

"అవ్ అమ్మా, వచ్చింది" అంది కవిత.

బిడ్డకు నడపడం వచ్చేసింది, ఇక కారు అమ్మరు. సంతోషపడాల్సిందే, కానీ ఇద్దరం చాలాసేపు దిగలేదు. పోయినవాళ్ల పేరు మీకూ ఇలాగే నోటికి వచ్చేస్తుందా?