రిఫాలో మంచు కమ్మిన పొద్దున్న

మా తణుకు వైపు ఎవరికైనా దయ్యం పట్టిందని వేపమండలతో కొడుతుంటే అడ్డం వెళ్ళి తిట్టిన మనిషిని నేను. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. జరిగింది మాత్రం చెబుతాను.

తొంభైల్లో బహ్రెయిన్‌లో, రిఫాలో ఒకరింట్లో పనిచేసేదాన్ని. మేడంగారి తల్లిని చూసుకోవడమే నా పని. ముసలావిడకి మతిమరుపు. తలుపు తెరిచి ఉంటే చాలు, చిన్నప్పటి ఇంటికి పోతానని బయల్దేరేది. ఒకరోజు నన్ను కూతురనుకునేది, ఇంకోరోజు ఎవరు నువ్వనేది.

ఆ చలికాలం ఒక శుక్రవారం లేచేసరికి మంచు కమ్మేసి ఉంది. గుమ్మంలో నిలబడితే గేటు కనపడలేదు. టీ కలిపి తెచ్చేసరికి ఆవిడ మంచం ఖాళీ. గేటు దాకా పరిగెత్తి చూస్తే బార్లా తీసి ఉంది.

మేడం కారు తియ్యబోయి ఆగిపోయింది. కనపడక తల్లి మీదికే పోనిస్తానేమోనని భయం. నన్ను ఇంటి వెనక్కి వెళ్ళమని, తను రోడ్డు వైపు నడిచింది.

వెనక కొత్త విల్లాలు కడుతున్నారు. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి పనివాళ్ళు లేరు. ఏది రోడ్డో, ఏది ఇసుకో తెలియడం లేదు. చెయ్యి చాపితే నా వేళ్ళే నాకు కనపడలేదు. తడికి చెప్పులు జారుతున్నాయి. ఎక్కడో కారు హారన్ మోగింది, ఎటువైపో అంతుపట్టలేదు. ప్రహరీ గోడ తడుముకుంటూ నడుస్తుంటే ఒకచోట గోడ కూడా అయిపోయింది. "మామా" అని, అంటే అరబ్బీలో అమ్మా అని, ఆవిణ్ణి పిలుస్తూ అలాగే ముందుకి పోతున్నాను.

అప్పుడు వినిపించింది ఒక ఆడమనిషి గొంతు. తెలుగులో, అచ్చం మా గోదావరి యాసలో.

"ఆగమ్మాయ్. ముందు గొయ్యుంది. ఎడంపక్కకి రా, మీ ముసలమ్మ ఇక్కడే ఉంది."

అరిచి చెప్పలేదు. దగ్గర కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు నెమ్మదిగా చెప్పింది.

ఆగి, కాలితో నేల తడిమాను. ముందు నేల లేదు. పునాదికి తవ్విన గొయ్యి. కూలబడి, చేతుల మీద పాకుతూ ఎడమకి జరిగాను. సిమెంటు ఇటికల మీద ముసలావిడ కూర్చుని ఉంది. ఒక్కతే. కుడిచెయ్యి పక్కకి చాపి ఉంది.

రెండు చేతులూ పట్టుకున్నాను. ఎడమది మంచుగడ్డలా ఉంది. కుడిచెయ్యి మాత్రం వెచ్చగా ఉంది.

ఆవిడ ఆ చేతినే చూసుకుంటూ అరబ్బీలో అడిగింది, "ఆమె నా చెయ్యెందుకు వదిలేసింది?"

ఎవరని అడిగితే మంచులోకి చూసింది. మధ్యాహ్నానికి అంతా మర్చిపోయింది.

చుట్టుపక్కల ఇళ్ళలో పనిచేసేవాళ్ళందర్నీ అడిగాను. మన తెలుగు ఆడవాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు.

నా భయమే నాతో మాట్లాడిందంటాడు మా ఆయన. అయ్యుండొచ్చు. కానీ అక్కడ గొయ్యి ఉన్నట్టు నాకు తెలియదు. పోనీ, గొంతు నా భ్రమే అనుకున్నా, అంత చలిలో ఆవిడ ఒక్క చెయ్యి ఎందుకు వెచ్చగా ఉందో ఈ రోజుకీ నేను చెప్పలేను.