మూడో చరణం కోసం ఉదయగిరికి

పోయిన వారం బియ్యం కడుగుతూ అమ్మ పాట ఒకటి అందుకున్నాను. రెండు చరణాలు గడగడా వచ్చేశాయి. మూడోది నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది. ఆ రోజు నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. కూరలో రెండుసార్లు ఉప్పు వేశాను, అదేమని అడిగినవాళ్ల మీద విసుక్కున్నాను. అమ్మ పోయి ఏళ్లయింది. ఆ పాట ఏ పుస్తకంలోనూ లేదు. సగం ఉర్దూ, సగం తెలుగు, మా ఇంట్లోనే పుట్టిన పాట. తెలిసిన మనిషి ఇక ఒక్కతే, అమ్మ చెల్లెలు, ఉదయగిరిలో ఉండే మా ఖాలా. ఆమెకూ ఎనభై దాటాయి. నాలుగో రోజు పొద్దున్నే ఆత్మకూరులో బస్సెక్కాను. డ్రైవరు ప్రతి ఊళ్లోనూ ఎవరినో ఒకరిని పలకరిస్తుంటే, లేచి నేనే నడుపుదామా అనిపించింది.

ఖాలా వాళ్లది చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కే ఇల్లు. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే అమ్మా, ఖాలా గడపకు అటొకరు ఇటొకరు కూర్చుని, ఆకురాయితో స్పూన్లు నునుపు చేస్తూ పాడేవాళ్లు. ఒళ్లంతా చెక్కపొడి, మధ్య మధ్య తుమ్ములు. ఒకరు తుమ్మితే రెండోవాళ్లు పాటను అందుకునేవాళ్లు. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయని ఖాలా చేత పని మాన్పించారట. రికార్డు చేద్దామని ఫోన్ ఆమె ముందు పెట్టి పాడమన్నాను. మొదటి పాదం పాడి ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ అక్కడే ఆగింది. ఫోన్ ఆపేశాను.

“ఊరికే కూర్చోబెట్టి పాడమంటే యాడ నుంచి వస్తాదే? చేతిలో పని ఉండాల గదా!” అని కోప్పడింది. ఆమెకూ నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఏం చేయాలో తోచక, మూలనున్న ఒక స్పూనూ ఆకురాయీ తీసుకుని నేనే రుద్దడం మొదలుపెట్టాను.

“అట్ల గాదే! ఏందా తొందర? విరిగిపోతాది. నిదానంగా లాగు,” అంటూ ఖాలా తొడ మీద తట్టి దరువు చూపించింది. నా చెయ్యి ఆ దరువులో పడగానే ఆమె గొంతు లేచింది. మొదటి చరణం, రెండోది, ఆగకుండా మూడోది. ఫోన్ నొక్కుదామంటే రెండు చేతులూ ఖాళీ లేవు. చెయ్యి ఆపితే పాట ఆగిపోతుందని భయం. రుద్దుతూనే విన్నాను. అయ్యేసరికి ఆమెకు ఆయాసం వచ్చింది, మళ్లీ పాడమనడానికి నాకు నోరు రాలేదు.

తిరుగు బస్సులో పెదాలు కదుపుకుంటూ కూర్చున్నాను. పక్కామె “ఏందక్కా, పానం బాగలేదా?” అంటే ఉత్తినే తల ఊపాను, నోరు తెరిస్తే చరణం జారిపోతుందని. ఇంత చేసినా ఇల్లు చేరేసరికి నాలుగు పాదాల్లో రెండే మిగిలాయి. మళ్లీ వెళ్లాలి, ఈ వారమే వెళ్లాలి. పాడుకోవడానికి నాకు తీరిక దొరకలేదని ఇన్నేళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. అమ్మకు మాత్రం ఎప్పుడు దొరికింది గనక?